ఒకే దేశం, రెండు గ్రంథాలయాలు

ఆరు వేల కోట్ల రూపాయలు. 2025, 2026, 2027 సంవత్సరాలకు ముప్పై ప్రచురణ సంస్థల పత్రికల కోసం కేంద్రం కేటాయించిన మొత్తమిది. 2024 నవంబరు 25న మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం సుమారు 13,000 పరిశోధన పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు చేరుస్తుంది. ఒంటరిగా బేరమాడే శక్తిలేని రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఇది నిజంగా మేలు. ఆ మాట దాచనవసరం లేదు. అయితే ఈ 'ఒకే దేశం'లో ఎవరున్నారో తెలియాలంటే సూరత్‌ను చూడాలి.

అక్కడి ఎస్‌వీఎన్‌ఐటీ కేంద్ర సంస్థ. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వానిది. రెండూ పథకం పరిధిలోకి వస్తాయి. ఆ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉన్న ప్రైవేటు సెల్ఫ్ ఫైనాన్స్ కళాశాలలు మాత్రం రావు. తొలి దశ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. పట్టా ఒకటే, పరీక్ష ఒకటే, గ్రంథాలయం మాత్రం వేరు! తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి వలసపోయి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన పద్మశాలీల పిల్లలు సీటు దొరికిన కళాశాలలో చేరతారు గాని, పత్రికల జాబితా చూసి చేరరు. ప్రైవేటు అనగానే అది సంపన్నుల వ్యవహారమని ఢిల్లీ భావిస్తుంది కాబోలు. పథకాన్ని నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం అదే గుజరాత్‌లో, గాంధీనగర్‌లో ఉండటం మరో విచిత్రం.

పేద దేశాల విశ్వవిద్యాలయాలకు పత్రికలను ఉచితంగానో, స్వల్ప రుసుముకో ఇచ్చే 'రీసెర్చ్ ఫర్ లైఫ్' జాబితాలో భారత్ లేదు. ఇంత పెద్ద మార్కెట్‌ను ఏ వ్యాపారి ఉచితంగా వదులుకుంటాడు? ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020లో వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో సై-హబ్‌ను నిరోధించమని ఆదేశించింది. చట్టం సంగతి అలా ఉంచుదాం. ముందు తలుపు తెరవకుండానే దొడ్డిదారి మూసేశారు.

ఇందులో అసలు అన్యాయం మరొకటి. ప్రజాధనంతో జీతం పొందే అధ్యాపకుడు వ్యాసం రాస్తాడు, మరో అధ్యాపకుడు దాన్ని సాధారణంగా ఉచితంగానే సమీక్షిస్తాడు. తర్వాత ఆ వ్యాసాన్నే ప్రజాధనం పెట్టి కొనుక్కుంటాం. ప్రభుత్వ నిధులతో సాగిన పరిశోధనను బహిరంగ భాండాగారంలో ఉంచాలని కేంద్ర శాస్త్ర, సాంకేతిక, జీవసాంకేతిక విభాగాలు 2014లోనే విధానం ప్రకటించాయి. దాన్ని కచ్చితంగా అమలు చేయించడానికి ఆరు వేల కోట్లు అక్కరలేదు.

2027తో ఈ కేటాయింపు ముగుస్తుంది. తదుపరి బేరం మొదలయ్యేలోపు ప్రైవేటు కళాశాలలనూ, ప్రజా గ్రంథాలయాలనూ ఒప్పందంలో చేర్చాలని ఎంపీలు ఇప్పుడే పార్లమెంటులో పట్టుబట్టాలి. సూరత్ ఎంపీ, కరీంనగర్ ఎంపీ కలిసి అడగదగిన ప్రశ్న ఇది.