కూర పాకెట్టును తిడితే వంటింటి లెక్క తేలదు

సాయంత్రం ఏడు దాటాక కూకట్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, విజయవాడ బెంజి సర్కిల్ వెనక వీధుల్లోనో ఏదో ఒక కర్రీ పాయింట్ ముందు నాలుగైదు బండ్లు ఆగి ఉంటాయి. స్టీలు గిన్నెల్లో వరసగా టమాటా పప్పు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, బెండకాయ పులుసు, సాంబారు. బేరం ఉండదు, ముచ్చట్లు ఉండవు. ‘ఒక పప్పు, ఒక వేపుడు, సాంబారు చిన్నది’ అంటే చాలు, గరిటె కవర్లోకి దిగుతుంది, ముడి పడుతుంది. అన్నం మాత్రం ఎక్కువమంది కొనరు. ఆఫీసు నుంచి ముందు ఇల్లు చేరినవాళ్లు కుక్కర్ పెట్టేసి ఉంటారు. కూర బయట, అన్నం ఇంట్లో. ఏ ప్రభుత్వ పథకమూ, ఏ పెట్టుబడిదారుడి సొమ్మూ లేకుండా తెలుగు పట్టణ కుటుంబాలు తమంతట తాము కుదుర్చుకున్న ఏర్పాటు ఇది.

దీన్ని చూసి నొచ్చుకునేవారికి కొదవ లేదు. టీవీల్లో డాక్టర్ల కార్యక్రమాలు, బంధువుల వాట్సాప్ గ్రూపులు, పెళ్లి భోజనాల పంక్తులు, ఎక్కడ విన్నా ఒకటే మాట: ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు, పిల్లలు బయటి తిండికి మరిగారు, జబ్బులన్నీ అక్కడినుంచే. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నేరం మోపుతున్న చోటు వేరు. ఇంటి వంట ఒకవైపు, బయటి తిండి మరోవైపు పెట్టి నడుమ ఇల్లాలిని నిలబెట్టి సంజాయిషీ అడుగుతున్నాం. వంటకు పట్టే గంటలు ఎవరివి, బయట వండుతున్నదాన్ని ఎవరు పట్టించుకుంటున్నారు అనే రెండు ప్రశ్నలను మాత్రం అడగడం లేదు.

గంటల సంగతి చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2019లో తొలిసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ సర్వే చేస్తే స్త్రీల లెక్క 289 నిమిషాలకు దిగింది. మిక్సీలు, గ్రైండర్లు, గ్యాసు, పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు ఇన్ని ఉండి అయిదేళ్లలో మిగిలింది పది నిమిషాలు. పురుషుల లెక్క 88కి పడిపోయింది. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 27 మంది అయితే, స్త్రీలు 81 మందికి పైనే. అంటే పొయ్యి వెలగడం లేదన్న దిగులు నిజమే అనుకున్నా, దాన్ని వెలిగించే బాధ్యత ఇంకా ఒక్కరి మీదే ఉంది. ఆ ఒక్కరు ఇప్పుడు ఉద్యోగానికి కూడా వెళ్తున్నారు.

ఈ 299 నిమిషాల లెక్కకు న్యాయస్థానంలోనూ చోటు దక్కింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో, గృహిణి పనికి డబ్బు విలువ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ఈ సర్వే అంకెలనే ఉదహరించారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కనిపించని పని, ఆమె ప్రమాదంలో పోయాక బీమా కంపెనీ కట్టాల్సిన మొత్తంగా కనిపించడం మన వ్యవస్థ తీరు. బతికుండగా ఆ గంటల విలువ గుర్తించేది ఎవరంటే, నిజానికి, కర్రీ పాయింటు యజమానే. పప్పు పాకెట్టు ధరలో కందిపప్పు కంటే ఎక్కువగా ఉండేది తరిగిన, వండిన సమయం.

సౌకర్యం కోసం ముందే చేసిపెట్టుకున్న తిండి మనకు కొత్తదా? తెలుగు వంటిల్లు సగం దాని మీదే నడిచింది. కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు కారం, ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు. అర్ధరాత్రి చుట్టం దిగినా వేడన్నం, పొడి, నెయ్యి ఉంటే అయిదు నిమిషాల్లో విస్తరి నిండేది. దుకాణాల్లో నూడుల్స్ పొట్లం వచ్చింది 1983లో. అంతకు ఎన్నో తరాల ముందునుంచే మన దగ్గర తక్షణ భోజనం ఉంది. కాకపోతే దాని శ్రమంతా వేసవిలో, డాబా మీద, అత్తా కోడళ్లు ఆడపడుచులు ఇరుగుపొరుగు కలిసి ముందే చేసి ఉంచేవారు. ఆ చేతులు చెదిరిపోయాయి. ఆ పనిని ఇప్పుడు స్వగృహ ఫుడ్స్ దుకాణాలు, పచ్చళ్ల బ్రాండ్లు అందుకున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇళ్ల అల్మరాల్లో ఉన్నవీ అవే. అమెరికా విమానం ఎక్కే ప్రతి సూట్‌కేసులోనూ సీలువేసిన గోంగూర ఉంటుంది, దాన్ని మాత్రం బయటి తిండి అని ఎవరూ అనరు.

రోలు పోయి మిక్సీ వచ్చినప్పుడూ రుచి పోయిందనే అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, కట్టెల పొయ్యి మీద కుండలో ఉడికిన అన్నమే అన్నం అన్నవాళ్లున్నారు. పొగలో కళ్లు మండించుకున్నవాళ్లెవరూ ఆ మాట అన్నట్టు నేను వినలేదు. రెడీమిక్స్ పొట్లాల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1975 ఎమర్జెన్సీ రోజుల్లో హోటళ్ల ధరలకు కళ్లెం పడి బెంగళూరు ఎంటీఆర్ నష్టపోయింది. నిలదొక్కుకోవడానికి రవ్వ ఇడ్లీ లాంటి వాటి పొడి మిశ్రమాలను పొట్లాల్లో కట్టి అమ్మింది. దక్షిణాదిన ఒక పెద్ద పొట్లాల వ్యాపారానికి బీజం ఆడవాళ్ల బద్ధకం కాదు, ధరల నియంత్రణ.

అయితే ఆరోగ్యం మాటేమిటి? ఇక్కడ ఇంటి వంట భక్తులు సర్కారు అంకెలనే చేతపట్టుకుంటారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. దేశంలోని రోగభారంలో 56.4 శాతానికి సరిలేని ఆహారమే కారణమన్న అంచనా అందులో ఉంది. అదే పుస్తకంలో మరో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. మనకు ఆహారం నుంచి అందే శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం మించకూడదు, కానీ 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది అని. మన సంగతికి వస్తే అది తెల్లగా మరపట్టిన బియ్యం. తెలుగింటి కంచంలో గుట్టగా అన్నం, పక్కన గరిటెడు కూర, అంచున పచ్చడి. ఇది బయటినుంచి వచ్చిన అలవాటు కాదు, అమ్మ వడ్డించిందే. కర్రీ పాయింట్ ఏర్పాటులోని వింత కూడా ఇదే. తగ్గించుకోవాల్సిన అన్నాన్ని ఇంట్లో ఉంచుకున్నాం, పెంచుకోవాల్సిన కూరగాయను చిన్న కవర్లో నలుగురికి సరిపెడుతున్నాం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఆ బరువంతా స్విగ్గీ సంచుల్లో వచ్చిందనుకోవడం మనల్ని మనం బుజ్జగించుకోవడం.

బయటి తిండి అంతటినీ ఒక గాటన కట్టడం ఇంకో పొరపాటు. బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయ పరిశోధకుడు కార్లోస్ మొంతేరో బృందం ఆహారాన్ని ఎంతగా శుద్ధి చేశారన్నదాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీసింది. నాలుగోది అతిగా శుద్ధిచేసిన ఫ్యాక్టరీ తిండి: శీతల పానీయాలు, చిప్సు, క్రీము బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఉంచి, రెండు వారాలు ఈ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. ఎంత కావాలంటే అంత తినమంది. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు దాదాపు 500 క్యాలరీలు అదనంగా తిన్నారు, బరువూ పెరిగారు. ఈ విభజనలో వండింది అమ్మా, వంటమాస్టరా అన్న ప్రశ్నే లేదు. ఆ లెక్కన సందు చివర వండిన బీరకాయ పప్పు వండిన తిండే. ఇంట్లో అల్మరా తీసి పిల్లవాడి చేతిలో పెట్టే క్రీము బిస్కెట్ పొట్లం నాలుగో రకం. గృహ వినియోగ సర్వేలో పట్టణ కుటుంబాలు పానీయాలు, చిరుతిళ్లు, తయారు ఆహారం మీద పెట్టే ఖర్చు మొత్తం ఖర్చులో పది శాతం దాటింది. తృణధాన్యాల మీద పెట్టేది నాలుగు శాతం కూడా లేదు.

అంతమాత్రాన కర్రీ పాయింట్లకు హారతి పట్టాలని కాదు. వాటి జబ్బులు వాటికున్నాయి. ఉల్లిపాయ ధర పెరిగితే పాకెట్టు ధర పెరగదు, సాంబారు పలచనవుతుంది, వంకాయ ముక్క చిన్నదవుతుంది. నూనె చౌకరకం ఎంచుకుంటారు, మిగిలింది మర్నాటి వేపుడుకి వెళ్తుంది. మళ్లీమళ్లీ మరిగించిన నూనెలో చేరే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. దాన్ని కొలిచే పరికరం చేతిలో పట్టేంత చిన్నది. అది పట్టుకుని కాలనీ కర్రీ పాయింటుకు వచ్చిన అధికారిని చూసినవారు అరుదు. మెనూలో క్యాలరీలు రాయాలన్న నిబంధన పెద్ద గొలుసు హోటళ్లకే తప్ప వీటికి లేదు. హైదరాబాద్‌లో మోమోలు తిని మరణం సంభవించాక 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయొనైజ్‌ను తెలంగాణ ఏడాదిపాటు నిషేధించింది. అదీ మన పద్ధతి: ప్రాణం పోయాక ఉత్తర్వు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఆ కవర్. సలసల మరిగే సాంబారును పలచటి ప్లాస్టిక్ సంచిలో పోసి ముడి వేస్తారు. ఇంటికి చేరేసరికి కవర్ మెత్తబడి ఉంటుంది. 120 మైక్రాన్ల కన్నా పలచటి సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఆ సంచులు ఉన్నాయి, నిషేధమూ ఉంది. స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే రెండు మూడు రూపాయలు తగ్గించే కొట్టు అక్కడక్కడా కనిపిస్తుంది. దాన్ని పన్ను రాయితీతోనో, లైసెన్సు ఫీజు మాఫీతోనో ప్రోత్సహించడానికి మున్సిపాలిటీకి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

కర్రీ పాయింటు వద్దనుకునే కాస్త కలిగిన ఇళ్లు వంటమనిషిని పెట్టుకుంటాయి. పొద్దున్నే అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూ నాలుగైదు ఇళ్లలో ఆవిడ వండుతుంది. ఒక ఇంట్లో ఉల్లి వెల్లుల్లి లేకుండా, మరో ఇంట్లో నూనె లేకుండా, ఇంకో ఇంట్లో షుగరున్న పెద్దాయనకు చప్పగా. ఇందరికి ‘ఇంటి వంట’ పెట్టి సాయంత్రం బస్తీకి చేరేసరికి ఓపిక ఉండదు. ఆవిడ పిల్లలు తినేది పాకెట్టు కూరో, నూడుల్సో. ఇంటి వంట ఒక ఇంటినుంచి మాయమై ఇంకో ఇంట్లో తేలుతోంది. దీన్ని విలువల పతనమనీ, విలువల పునరుద్ధరణ అనీ రెండు వైపులా పొగడటం, తెగడటం మనకే చెల్లింది.

మగవాళ్ల సంగతి ఒక పేరాలో తేల్చేయవచ్చు. వంట బాగుంటే నలభీమ పాకం అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. పెళ్లి వంటలు, హోటలు వంటలు, కర్రీ పాయింటు పెద్ద బాణలి దగ్గరా చాలాచోట్ల మగవాళ్లే. కూలి ఇస్తే గరిటె పట్టడానికి మగతనం అడ్డు రాలేదు, ఇంట్లో ఊరికే పట్టమంటేనే వచ్చింది. ‘మా అమ్మ చేతి ముద్దపప్పు’ గురించి కవిత్వం చెప్పే మిత్రులు, కందిపప్పు కుక్కర్‌కు ఎన్ని విజిల్స్ పెట్టాలో నేర్చుకుంటే ఆ పప్పు రేపటి తరానికీ దక్కుతుంది.

ఇంటింటా గరిటె పంచుకున్నా, ఇద్దరూ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే కుటుంబంలో సమయం ఎక్కడినుంచో పుట్టదు. అందుకే బయటి వంటను మంచి వంటగా మార్చడమే తెలివైన దారి అంటాను. కేరళలో కుటుంబశ్రీ మహిళలు 2024లో తిరువనంతపురంలో ‘లంచ్ బెల్’ పేరుతో ఆఫీసులకు స్టీలు డబ్బాల్లో భోజనం పంపడం మొదలుపెట్టారు. ఖాళీ డబ్బాలను వెనక్కి తీసుకుని కడిగి మళ్లీ వాడతారు. తెలంగాణలో అదే ఏడాది సచివాలయంలో మొదలైన ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు పొదుపు సంఘాలవే. మూడు దశాబ్దాల పొదుపు ఉద్యమం ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పని సచివాలయాల గేటు దాటి కాలనీ వీధిలోకి రావాలి. నూనె పరీక్ష, తక్కువ ఉప్పు, స్టీలు డబ్బా ఈ మూడింటికీ కట్టుబడే కర్రీ పాయింటుకు తక్కువ వడ్డీ రుణం ఇస్తే చాలు, పక్క కొట్టువాడు తానే మారతాడు.

ఇక ఈ చర్చలోకి ఎవరూ తీసుకురాని చోటు ఒకటుంది, బడి. ఉద్యోగాలు చేసే ఇళ్లలో తెల్లవారుజామున అయిదింటికి పొయ్యి వెలిగించేది ఆఫీసు కాదు, ఏడింటికి వచ్చే స్కూలు బస్సు. ప్రభుత్వ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరు పెట్టిన ఆ పథకం 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించింది. ప్రైవేటు బడి పిల్లలకు మాత్రం చాలాచోట్ల టిఫిను ఒక బాక్సు, భోజనం ఒక బాక్సు ఇంటినుంచే వెళ్లాలి. పన్నెండున్నరకు మూత తీసేసరికి చల్లారిన ఫ్రైడ్ రైస్, నిన్నటి చపాతీ. జపాన్ 1954లోనే బడి భోజనానికి చట్టం చేసింది. అక్కడ పిల్లలే ఒకరికొకరు వడ్డించుకుని, తిన్నాక శుభ్రం చేస్తారు. ఏసీ బస్సులకు, డిజిటల్ తరగతి గదులకు, స్విమ్మింగ్ పూలుకు ఫీజు వసూలు చేసే మన కార్పొరేట్ బడులకు వంటగది ఉండాలన్న షరతును గుర్తింపు నిబంధనల్లో చేర్చమని విద్యాశాఖను ఎందుకు అడగకూడదు? ఒకచోట వెయ్యి మందికి వండితే వెయ్యి ఇళ్లలో తెల్లవారుజామున ఒక గంట నిద్ర మిగులుతుంది. ఆ గంటను ఎలా వాడుకోవాలో వాళ్లిష్టం.