పాఠంలో పిల్లల మాట

ఏడాదికోసారి మన బడుల్లో స్వపరిపాలన దినోత్సవం జరుపుతారు. పిల్లలు చీరలు, పంచెలు కట్టుకొచ్చి హెడ్మాస్టరు, డీఈవో, కలెక్టరు అవుతారు. ముచ్చటైన రోజే. కానీ టీచరు వేషం వేసిన నాలుగో తరగతి పాప చాలాచోట్ల ఏం చేస్తుందో గమనించండి. బెత్తంతో బల్ల మీద కొట్టి ‘సైలెన్స్’ అంటుంది, తను చదివిన వాక్యాన్ని అందరిచేతా వల్లె వేయిస్తుంది. మిగతా రోజుల్లో చూసిందే చేస్తోంది మరి. పిల్లల మాటకు విలువ ఉందో లేదో తేలేది ఆ మిగతా రోజుల్లోనే.

పిల్లల మాట వినాలన్నది కొత్త కోరికేమీ కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలని 29వ సెక్షన్ అంటోంది. మన తెలుగు వాచకాల్లో ‘వినడం – ఆలోచించి మాట్లాడడం’ అని ప్రత్యేకంగా అభ్యాసాలున్నాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యానికీ, ప్రతిస్పందనలకూ మార్కులున్నాయి. తీరా తరగతిలో ఆ ప్రశ్నలకూ జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే ఏం లాభం? ‘నీకేమనిపించింది?’ అన్నదానికి గదినిండా ఒకే జవాబు వస్తే, ఎవరికేమనిపించిందో టీచరుకు తెలియనే తెలియదు.

హైదరాబాద్‌లోని సోమాజిగూడ లాంటి చోట దీనికి భాష చిక్కు తోడవుతుంది. అక్కడి బస్తీల్లో ఒకింట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, ఆ పక్కన హిందీ. తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లిష్ మీడియం మొదలైంది. తల్లిదండ్రులు కోరుకున్నదే, ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆరేళ్ల పిల్లకు మనసులో ఉన్నది చెప్పడానికి ఇంకా ఇంగ్లిష్ మాటలు లేవు. ఇంటి భాషలో మాట్లాడితే కసురుతారు. ఇక నోరు విప్పదు. ఆ మౌనం చూసి మనం బుద్ధిమంతురాలని మెచ్చుకుంటున్నాం! తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే అచ్చేసిన పుస్తకాలు సర్కారే ఇచ్చింది. మాటకూ ఆ వెసులుబాటు ఇవ్వాలి. ముందు తనకొచ్చిన భాషలో చెప్పనిచ్చి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పించాలి. ఉర్దూ పిల్లాడికి తెలుగు పేజీ ఆసరా కాదు కాబట్టి, రెండు భాషలూ వచ్చిన పక్కపిల్లాడి సాయం తీసుకోవాలి.

అందరినీ మాట్లాడనిస్తే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని టీచర్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ ఒక లెక్క చూడండి. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలుంటారు. ఇంటూ పెట్టి వదిలేస్తే రేపూ అదే తప్పు చేస్తారు. ‘ఎలా చేశావ్?’ అని అడిగితే, ‘ఏడులోంచి రెండు తీశాను’ అంటారు. రెండులోంచి ఏడు పోదు గనక తిరగేశారన్నమాట. అప్పు తెచ్చుకోవడం అర్థం కాలేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. దాన్ని వినడానికి అర నిమిషం చాలు, వినకపోతే ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే చోట ఇది కష్టమే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వాళ్లు అలాంటి పల్లెబడుల కోసమే కార్డుల పద్ధతి తయారుచేశారు. పిల్లలు గుంపులుగా కూర్చుని, ఎవరి వేగంతో వాళ్లు, ఒకరినొకరు అడుగుతూ నేర్చుకుంటారు. అయినా మూడు తరగతులు ఒక్కరి నెత్తిన పెట్టి, పిల్లల మాట వినలేదని ఆ టీచరునే నిందించడం అన్యాయం. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. తరగతికో టీచరు కావాలని తీర్మానం చేసి పంపాల్సింది వాళ్లే.