మన గృహము: వాయి మీద వాయి



ఈ నెల మా ముందున్నది ఒక తల్లి ఉత్తరం. గోదావరి ప్రాంతపు పల్లెలో ఉంటున్న ఈ సహోదరి కుమారుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. నాలుగేళ్ల క్రితం ఒక స్నేహితుడు అతని పుట్టినరోజుకు ఇంట్లో బీరు తయారుచేసుకునే సామాను కానుకగా ఇచ్చాడట. మూత ఉన్న ఒక బకెట్టు, ఒక గొట్టం, కొన్ని పొట్లాలు. ఆ ఒక్క బకెట్టు ఇప్పుడు ఆరు బకెట్లయినవి. కారు పెట్టుకునే గదిలో కారుకు చోటు లేదు.

"మేము కల్లుపాక వైపు తొంగి చూడకుండా పెంచాము. అడిగితే, తాగి పడిపోవడం లేదు కదమ్మా, ఇది నా హాబీ అంటున్నాడు. కోడలు మాత్రం ఫోనులో, అత్తయ్యా, శనివారమంతా ఆయన మాకు లేనట్టే అని ఏడ్చింది. ఇది పాపమా, కాదా? మేము వాడికి ఏమని చెప్పాలి?" అని ఆమె అడుగుతున్నారు.

జవాబు చెప్పేముందు ఆ పని ఎలాంటిదో తెలుసుకుందాము. తెలియని దానిని తిట్టడం తేలికే గాని, ఆ తిట్టు వినేవాని మనస్సుకు పట్టదు.

మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్టు చేస్తాము గదా. బీరుకు బార్లీ గింజలను అలాగే చేస్తారు. ఆ మాల్టును నలగగొట్టి, 65 నుండి 68 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్స్ అనే తీగకు పూసే పువ్వులు వేసి మరో గంట మరిగిస్తారు. బీరులోని చేదు ఆ పువ్వులదే. తరువాత చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బుడగలను విడుస్తుంది. ఒకటి రెండు వారాలు పులిసిన మీదట కొద్దిగా చక్కెర చేర్చి సీసాలలో నింపి, మూత బిగించి, మరి రెండు వారాలు ఉంచుతారు. సారా కాచినట్లు ఆవిరి పట్టడం ఇందులో లేదు.

ఒక వాయికి ఐదు గ్యాలన్లు, అనగా సుమారు 19 లీటర్లు చేయడం అక్కడ వాడుక. అది ఇంచుమించు 50 సీసాలవుతుంది. తయారీ రోజున ఐదారు గంటలు పడుతుంది. అందులో కడగడమే పెద్ద పని. గిన్నెలో, గొట్టంలో ఏ క్రిమి మిగిలినా వాయి మొత్తం పాడవుతుంది.

ఒకటి ఆరు కావడానికి కారణం ఇక్కడే ఉన్నది. గారెలు వండే ఇల్లాలు ఒక వాయి నూనెలో ఉండగానే మరో వాయికి పిండి చేతికి తీసుకుంటుంది. గారె నిమిషాలలో వేగుతుంది. బీరుకు నెల పడుతుంది. ఆ నెలంతా ఎదురుచూస్తూ కూర్చోలేక రెండవ బకెట్టు మొదలుపెడతారు. రెండవది పులుస్తుండగా, ఈసారి వేరే పువ్వులు వేసి చూద్దామని మూడవది. ఏది ఏ తేదీన కలిపినది, ఏ గదిలో ఎంత వేడి ఉన్నది, ఏది సీసాలకెక్కించాలి అని నోటుబుక్కులో రాసుకోవలసి వస్తుంది. మొదట తాగడానికి చేసినవారు కొన్నాళ్లకు చేయడం కోసమే చేస్తారు. ఇంట్లో సీసాలు పేరుకుంటాయి. వాటిని ఖాళీ చేయడం కూడా ఒక పనవుతుంది.

అమెరికాలో ఇది నేరం కాదు. 1920 నుండి 1933 వరకు అక్కడ మద్యనిషేధం ఉండినది. అది తొలగిన తరువాత కూడా ఇంటిలో బీరు చేసుకోవడానికి కేంద్ర చట్టంలో అనుమతి లేకపోయింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అనుమతి వచ్చింది. ఆయన బాప్తిస్టు సంఘస్థుడు, సండేస్కూలు బోధకుడు. ఆ చట్టం ప్రకారం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు చేసుకోవచ్చును. అమ్మకూడదు. మన తెలుగు రాష్ట్రాలలోనైతే లైసెన్సు లేకుండా ఇంటిలో మద్యం తయారుచేయడం నేరమే.

200 గ్యాలన్లంటే 40 వాయిలు. చట్టం 40 వాయిలకు ఒప్పుకుంటుంది. కాని ఏడాదికి ఉన్నవి 52 శనివారాలే. కాబట్టి "చట్టం ఒప్పుకున్నది గదా" అన్నంత మాత్రాన ఆ కోడలి కన్నీటికి జవాబు దొరకదు.

మన ప్రొటెస్టంటు చరిత్రలో కూడా ఇంటి బీరు ఉన్నది. 1525లో మార్టిన్ లూథరును వివాహమాడిన కాథరీనా విట్టెన్‌బర్గులోని ఇంటిలో స్వయంగా బీరు తయారుచేసేది. లూథరు దానిని మెచ్చుకునేవాడు. ఆనాడు ఆ దేశంలో అది భోజనపు బల్ల మీద ఉండే మామూలు పానీయం. ఆమె ఇంటిలో పిల్లలు, బంధువులు, విద్యార్థులు, అతిథులు ఉండేవారు. తోట, పశువులు, వంట, బీరు, అన్నీ ఆ బల్ల చుట్టూ కూర్చునేవారి కొరకే. ఆమె పని ఇంటిని పోషించినది. ఈ కుమారుని విషయంలో ఇల్లే ఆ పనిని పోషించవలసి వస్తున్నది. వ్యత్యాసం అదే.

పరిశుద్ధ గ్రంథం ఏమంటున్నది? కానాలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసముగా మార్చెను. కడుపు జబ్బు కోసం కొంచెం పుచ్చుకొనుమని పౌలు తిమోతికి సలహా ఇచ్చెను. మరోవైపు నోవహు తన ద్రాక్షతోటలో పండినది తాగి గుడారములో దిగంబరిగా పడియుండెను. తండ్రి యోనాదాబు మాట కొరకు ద్రాక్షారసము ముట్టని రేకాబీయులను యిర్మీయా గ్రంథం 35వ అధ్యాయంలో దేవుడే మెచ్చుకొనెను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో పౌలు మరో ప్రశ్న వేస్తున్నాడు. నాకు అనుమతి ఉన్నదా అని మాత్రమే గాక, ఇది నా మీద అధికారం చేస్తున్నదా అని కూడా అడగమంటున్నాడు. మన కుమారుని అడగవలసినది ఈ ప్రశ్నే.

మన సంఘాలు మద్యానికి దూరంగా ఉండమని బోధించడానికి కారణం ఉన్నది. కూలి డబ్బులు సారా కొట్టులో పోగా ఖాళీ కుండ ముందు కూర్చున్న తల్లులను మనం చూశాము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా మీద తిరగబడింది అందుకే. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలింది గాని, ఆ తల్లుల అనుభవం అబద్ధం కాలేదు. ఈ సంగతి కుమారునికి చెప్పండి. బెదిరింపుగా కాక, మన ఇంటి కథగా చెప్పండి.

సహోదరీ, మా సలహా ఇది. మొదటి మాటే "నీవు పాపివి" అని ఆరంభించవద్దు. వీడియో కాల్‌లో "నాయనా, ఆ బకెట్లు నాకు చూపించు" అని అడగండి. అతడు సంతోషంగా చూపిస్తాడు. అంతా విన్న తరువాత మూడు సంగతులు అడగండి. ఒక నెల కొత్త వాయి వేయకుండా ఉండగలవా? శనివారం నీ భార్యాపిల్లలు నీ కోసం ఎదురుచూస్తున్నారా, లేక నీవు వారి కోసమా? సాయంత్రం ఎన్ని సీసాలు తాగుతున్నావో నీ నోటుబుక్కులో రాస్తున్నావా?

మూడవదానికి అతడు తడబడితే అది హాబీ కాదు. అప్పుడు పాస్టరుగారి ప్రార్థనతోపాటు వైద్యుని సహాయం కూడా అవసరం. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి.

కోడలితో మాత్రం "సర్దుకుపో అమ్మా" అనవద్దు. ఆమె అడుగుతున్నది భర్తనే. ఆమె పక్షాన మీరు నిలబడితే ఆ ఇల్లు నిలబడుతుంది.

అతనిలోని మంచిని కూడా గుర్తించండి. ఓర్పు, శుభ్రత, లెక్క తప్పకుండా రాసుకోవడం దేవుడిచ్చిన వరాలే. చాలా రకాల బీరును పులియబెట్టే ఈస్టు, రొట్టెను పొంగించే ఈస్టు ఒకే జాతికి చెందినవి. ఆ చేతులతోనే శనివారం రొట్టె కాల్చమనండి. పిండి పిసకడానికి పిల్లలు కూడా వస్తారు, కాలినది అందరూ తింటారు.

ఇక మన సంగతి. మన ఇంట బీరు బకెట్లు లేవు గదా అని ఈ పేజీ తిప్పేయవద్దు. సెల్‌ఫోను, పేకముక్కలు, చీటీల లెక్కలు, చివరకు సంఘపు ఎన్నికలు సైతం మన ఇళ్లలో వాయి మీద వాయిగా పులుస్తుంటాయి. ఈ పేజీ రాసే మేము కూడా, ఉత్తరాల కట్ట ముందు కూర్చుని ఇంటివారి పిలుపుకు "ఇదిగో వస్తున్నా" అంటూ అన్నం చల్లారబెట్టిన రాత్రులున్నవి. మా ఇంటివారు ఆ మాటను లెక్కపెట్టి చూపించినప్పుడు మేము తలవంచుకున్నాము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ప్రతివారు ఒకరినొకరు అడగండి: "నా చేతిలో ఏది ఎక్కువైనదని మీకు అనిపిస్తున్నది?" జవాబు పిల్లల నోట వచ్చినా కోపగించుకోవద్దు.

ఆ తల్లి కొరకు, ఆమె కుమారుని ఇంటి కొరకు ప్రార్థించండి. ప్రభువు మన గృహములను కాపాడును గాక. ఆమేన్.