పుష్కరాలకు మూడు జిల్లాలు, ఒకే ప్రణాళిక

2016 ఆగస్టు 12న కృష్ణా పుష్కరాలు మొదలైనప్పుడు బీచుపల్లి, రంగాపూర్, సోమశిల ఘాట్లన్నీ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావే. కలెక్టర్ ఒక్కరే. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 11న, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి; ఈ మూడు ఘాట్లూ వరుసగా వాటిలోకి వెళ్లాయి.

2028లో మళ్లీ పుష్కరాలు. స్నానానికొచ్చే జనానికి జిల్లా సరిహద్దులతో పనిలేదు.

2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజే రాజమహేంద్రవరంలో తొక్కిసలాట 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. వేలమంది ఒకే ఘాట్‌కు ఎగబడ్డారు. అలా మళ్లీ జరగకూడదంటే, బీచుపల్లిలో రద్దీ పెరిగితే భక్తులను వంతెన దాటించి రంగాపూర్‌కు మళ్లించాలి. అంటే గద్వాల పోలీసుల నిర్ణయం వనపర్తి పోలీసులకు క్షణాల్లో చేరాలి. ఎగువన జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఆ కబురు దిగువ ఘాట్లన్నిటికీ ముందే అందాలి.

ఇందుకు మూడు జిల్లాలకూ ఒకే కంట్రోల్ రూం కావాలి. ముగ్గురు కలెక్టర్లు 2027లోనే కూర్చుని దాని బాధ్యత ఎవరిదో తేల్చాలి.