వెంటిలేటర్ తీయడంలో జాగ్రత్త పేరిట జాప్యం

ఇంటెన్సివ్ కేర్‌లో వెంటిలేటర్ మీద ఉన్న రోగికి యంత్రపు ఊతాన్ని రోజుకింత చొప్పున తగ్గిస్తూ, ఊపిరితిత్తులకు తగినంత విశ్రాంతి దొరికాకే శ్వాసనాళంలో వేసిన గొట్టం తీయాలన్న అభిప్రాయం వార్డు బయట కాచుకుని కూర్చునే బంధువుల్లోనూ, కొందరు వైద్యుల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. పైకి జాగ్రత్తగా కనిపించే ఈ పద్ధతి, అవసరం తీరినవారిని కూడా యంత్రానికి కట్టిపడేస్తుంది.

ఎస్టెబాన్ బృందం స్పెయిన్‌లో జరిపి 1995లో ప్రచురించిన అధ్యయనంలో 546 మందికి సొంత శ్వాస పరీక్ష, అంటే యంత్రం ఊతం తీసేసి రెండు గంటల పాటు తమంతట తామే ఊపిరి తీసుకోనిచ్చే పరీక్ష పెడితే, 416 మంది మొదటిసారే నెగ్గారు. మెల్లమెల్లగా మాన్పించే తతంగం నలుగురిలో ముగ్గురికి అక్కర్లేదన్నమాట! తక్కినవారిలోనూ రోజుకొకసారి పరీక్ష ఎదుర్కొన్నవారు, యంత్రమిచ్చే శ్వాసల సంఖ్యను క్రమంగా తగ్గించినవారి కన్నా దాదాపు మూడు రెట్లు వేగంగా బయటపడ్డారు.

విశ్రాంతి వాదానికి శరీరధర్మంలోనూ ఆధారం తక్కువే. రొమ్మునూ కడుపునూ వేరుచేస్తూ శ్వాసను నడిపించే కండరమైన డయాఫ్రమ్, పనిలేకుండా 18 నుంచి 69 గంటలు ఉంటేనే దాని పోగులు సగానికి పైగా సన్నబడతాయని, మెదడు మరణించిన అవయవదాతలపై లెవిన్ బృందం 2008లో చూపించింది.

తొందరపడి గొట్టం తీసి మళ్లీ వేయాల్సి వస్తే ప్రాణాపాయం పెరుగుతుందన్న అభ్యంతరం నిజమైనదే. అయితే పరీక్షలో తప్పడం వేరు, గొట్టం తీశాక తప్పడం వేరు: పరీక్ష జరుగుతుండగా శ్వాస నిమిషానికి 35 దాటినా, ఆక్సిజన్ 90 శాతం కన్నా దిగువకు పడిపోయినా, చెమటలు పట్టినా గొట్టం ఉన్నచోటే ఉంచి రోగిని తిరిగి యంత్రం మీద పెట్టవచ్చు.

తెలుగువారు పనికోసం వెళ్లే కువైట్‌లో ఈ జాప్యానికి మరో కారణం తోడయ్యే అవకాశం ఉంది. మత్తుమందు తగ్గించాక రోగి మెలకువను అంచనా వేసేందుకు కళ్లు తెరవమని, చెయ్యి నొక్కమని, నాలుక చాపమని అడుగుతారు. వైద్యుడు ఈజిప్టువాడై, నర్సు కేరళ నుంచి వచ్చి, మంచం మీదున్నది కడప జిల్లా నుంచో గోదావరి జిల్లాల నుంచో ఇంటిపనికి వచ్చిన స్త్రీ అయినప్పుడు, అరబ్బీలోనో ఇంగ్లీషులోనో వేసిన ప్రశ్నకు ఆమె కదలకపోతే అది స్పృహ లోపమని తేల్చడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. పర్యవసానంగా మత్తు కొనసాగుతుంది, ఆ రోజు పరీక్ష వాయిదా పడుతుంది. దీనికి దారి ఉంది: అమెరికాలో ఈలీ బృందం 1996 నాటి అధ్యయనంలో రోజూ రోగుల సంసిద్ధతను చూసే పనిలో వైద్యులతో పాటు శ్వాస చికిత్సకులూ నర్సులూ పాలుపంచుకుంటే, యంత్రం మీద గడిచే కాలం 6 రోజుల నుంచి నాలుగున్నర రోజులకు తగ్గింది. అదే బాధ్యత కువైట్ వార్డుల్లోని నర్సులకూ ఇచ్చి, రోగి మాట వినడం లేదని చార్టులో రాసేటప్పుడు ఆ మాట ఏ భాషలో అడిగారో కూడా పక్కనే రాయించాలి.