మన సంతకానికి గడువుంది, వాళ్ల సంతకానికి లేదా?



మన మల్లాపూర్ మండలంలో బ్యాంకు మెట్లెక్కని రైతు ఉండడు. పంట రుణం కావాలంటే పాస్‌బుక్కు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, చూపించిన చోటల్లా సంతకం. ఏడాది తిరిగేలోపు కట్టకపోతే వడ్డీ రాయితీ పోతుంది. ఒక ఏడు నేను పదకొండు రోజులు ఆలస్యంగా కట్టాను. పసుపు ఉడకబెట్టి ఎండబోసినప్పుడు వాన కొట్టింది. మళ్లీ ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ మార్కెట్‌కు చేర్చేసరికి గడువు దాటింది. బ్యాంకులో సారుకు ఇదంతా చెప్పుకున్నాను. ఆయన ఒక్కటే అన్నాడు: "వాన సంగతి నాకెందుకు పెద్దమనిషీ, సంతకం నీదే గద?"

నాదే. వడ్డీ కట్టి ఇంటికొచ్చాను. ఆ సారు మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట నేను మరచిపోలేదు. రైతు సంతకానికి అంత విలువ ఉన్నప్పుడు, మన ఓటు తీసుకోవడానికి నాయకుడు పెట్టిన సంతకానికి ఎంత విలువ ఉండాలి?

నేను ఊరికే పోలిక చెప్పడం లేదు. మన పార్లమెంటు స్థానంలో నిజంగానే బాండు పేపరు మీద సంతకం జరిగింది. 2019 ఎన్నికల్లో బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని, పసుపుకు మద్దతు ధర ఇప్పిస్తానని, లేకుంటే రాజీనామా చేసి రైతుల ఉద్యమంలో కలుస్తానని కాగితం మీద రాసిచ్చారు. అంతకుముందు 2014లో పసుపు బోర్డు మాట చెప్పి గెలిచినవారు కవిత. ఆమె ఢిల్లీలో అడిగారు, మంత్రులను కలిశారు. బోర్డు మాత్రం రాలేదు.

ఆ కోపమే 2019లో బయటపడింది. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు అడుగుతూ ఆర్మూర్ ప్రాంత రైతులు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఎవరూ వినకపోతే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులే. ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. మన కోరుట్ల, జగిత్యాల సెగ్మెంట్ల ఓటర్లు కూడా ఆ వరుస ముందు నిలబడి గుర్తు వెతుక్కున్నవాళ్లే.

తర్వాత ఏమైంది? 2020లో బోర్డుకు బదులు సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఇచ్చి, ఇది బోర్డు కన్నా మేలన్నారు. 2023 అక్టోబర్ 1న ప్రధాని మోదీ మహబూబ్‌నగర్‌కు వచ్చి జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. అప్పటికి అసెంబ్లీ ఎన్నికలకు రెండు నెలలే ఉంది. ఆ ఎన్నికల్లో అర్వింద్ మన కోరుట్లలోనే పోటీ చేసి ఓడిపోయారు, 2024లో మళ్లీ ఎంపీగా గెలిచారు. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజున, బోర్డు ప్రారంభమైంది. జూన్ 29న నిజామాబాద్‌లో బోర్డు కార్యాలయాన్ని అమిత్ షా ప్రారంభించారు.

ఇక్కడ కొందరు సోదరులు నన్ను నిలదీస్తారు. "బోర్డు వచ్చింది గద, ఇంకేం లొల్లి?" అని. వచ్చింది, కాదనను. తెచ్చినవాళ్లకు ఆ మేరకు పేరు దక్కాలి. ఆలస్యంగా కట్టిన కిస్తును కూడా జమ రాసుకోవాలి, లేకుంటే మనది న్యాయం కాదు. కానీ కిస్తు కట్టినవాడికి బాకీ మొత్తం చెల్లు రాస్తామా? బాండులో ఉన్నవి రెండు మాటలు, బోర్డు ఒకటి, మద్దతు ధర ఒకటి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో పసుపు ఈ రోజుకీ లేదు. బోర్డు విత్తనం, ఎగుమతి, పరిశోధన చూస్తుందేమో గానీ, మార్కెట్లో పాటదారుడు రేటు తగ్గించి పాడిన రోజు మన కుప్పను ఎవరు కొంటారు? ఆ ప్రశ్నకు బోర్డు గోడ మీద జవాబు లేదు.

ఇక మన ఊరి గాయం దగ్గరికి వద్దాం. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మన మండలంలోదే. నిజాం షుగర్స్‌ను 2002లో తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీకి 51 శాతం వాటాతో అప్పగించింది. అధికారంలోకి వస్తే వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామని 2014లో కేసీఆర్ చెప్పారు. వంద రోజులు దాటాయి, ఏడాది దాటింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముంబోజిపల్లితో పాటు ముత్యంపేటలో కూడా లే ఆఫ్ నోటీసు అంటించారు. కాపాడతామన్నవాళ్లు గద్దె మీద ఉండగానే గేటుకు తాళం పడింది. చెరుకు రైతు బండి కామారెడ్డి దిక్కు తిరిగింది. చాలామంది చెరుకే మానేసి వరిలోకి దిగారు.

2023లో కాంగ్రెస్ వంతు. రాహుల్ గాంధీ జగిత్యాలకు వచ్చి, చక్కెర ఫ్యాక్టరీ తెరిపిస్తామని, పసుపుకు క్వింటాలుకు 12,000 నుంచి 15,000 ఇప్పిస్తామని చెప్పారు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. సరే, కమిటీ వేయడం మంచిదే. కానీ కమిటీ చెరుకు ఆడదు. నేను ఇది రాసేనాటికి ముత్యంపేట పొగగొట్టం నుంచి పొగ రాలేదు.

చెరుకుకు ధర చట్టంలోనే ఉంది. తోలిన పద్నాలుగు రోజుల్లో డబ్బు కట్టాలని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. పసుపుకు ఇప్పుడు బోర్డు ఉంది. అంటే ధర ఉన్న పంటకు మనకు ఫ్యాక్టరీ లేదు, బోర్డు ఉన్న పంటకు ధర లేదు. గులాబీ, కాషాయం, మూడు రంగులు అన్నీ చూశాక మల్లాపూర్ రైతు చేతికి మిగిలింది ఇదీ. రైతు భరోసా ఎకరాకు 15,000 అన్నారు, 12,000 అయింది. వడ్లకు 500 బోనస్ అన్నారు, గెలిచాక అది సన్నాలకే అయింది. మాట ఇచ్చేటప్పుడు లేని షరతు, డబ్బు ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

"పదవిలోకి వచ్చాక గానీ ఖజానా సంగతి తెలియదు" అంటారు. ఈ మాటకు జవాబు ఎన్నికల సంఘమే ఇచ్చింది. ఉచితాల మీద వచ్చిన సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు, మ్యానిఫెస్టో హామీని ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అవినీతి చర్యగా చూడలేమని చెబుతూనే, నియమాలు తయారు చేయమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. 2014 నుంచి ప్రవర్తనా నియమావళిలో ఆ నియమం ఉంది. హామీకి కారణం చెప్పాలి, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి, తీర్చగలిగినవే ఇవ్వాలి. నియమం ఉంది గానీ తప్పినవాడికి శిక్ష లేదు. పళ్లు లేని పాము అది.

కోర్టుకు పోదామా? ఢిల్లీ ముఖ్యమంత్రి 2020లో పేద కిరాయిదారుల అద్దె ప్రభుత్వం కడుతుందని ప్రెస్‌మీట్‌లో చెప్పారు. 2021 జూలైలో ఢిల్లీ హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఆ మాట అమలు కావాల్సిందే అన్నారు. రెండు నెలలు దాటగానే పై ధర్మాసనం ఆ తీర్పును నిలిపివేసింది. అది పదవిలో ఉన్న ముఖ్యమంత్రి మాట. ఎన్నికల సభలో చెప్పిన మాటకు కోర్టులో దక్కేది ఇంకెంత?

నామినేషన్లు వేసి మొర వినిపించడం కూడా కొత్త కాదు. 1996లో నల్లగొండ పార్లమెంటుకు ఫ్లోరైడ్ నీళ్ల బాధతో 480 మంది నిలబడ్డారు. అదే ఏడు తమిళనాడులో పసుపు పండే ఈరోడ్ జిల్లా మొడకురిచ్చి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. దానికి ఢిల్లీ ఏం చేసింది? పార్లమెంటు డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేసింది. ఇప్పుడది 25,000. బాధ తగ్గించడం కంటే బాధ చెప్పుకునే ఖర్చు పెంచడం వాళ్లకు తేలికైంది.

హామీ తప్పిన ప్రతి నాయకుణ్ణి జైల్లో పెట్టమని నేను అనడం లేదు. కరువు వస్తుంది, కరోనా వస్తుంది, ఢిల్లీ డబ్బు ఆపుతుంది. మనమేం రాళ్లం కాదు. కాలం కాని ఏడు షావుకారు కూడా ఆగుతాడు. కానీ అప్పు తీసుకున్నవాడు గడువుకు ముందే వచ్చి, "ఈసారి కాలేదు, ఇంత కట్టగలను, మిగతాది ఫలానా నెలకు" అని చెప్పాలి. అలా చెప్పినవాడు మంచి ఆసామి. ముఖం చాటేసి మళ్లీ కొత్త అప్పుకు వచ్చేవాణ్ణి ఏమంటామో అందరికీ తెలుసు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు ఉంది వీళ్ల వరస.

మన తప్పు కూడా చెప్పుకుందాం. పోలింగ్ ముందు రాత్రి నోటు తీసుకున్నవాడు, తెల్లారి హామీ సంగతి అడిగే నోరు పోగొట్టుకుంటాడు. "నీ ఓటుకు డబ్బు ముట్టింది గద" అంటే జవాబు లేదు. ఇంకొకటి, మన ఊళ్లోనే మూడు కండువాలు. బోర్డు అడిగితే ఒకడికి కోపం, ఫ్యాక్టరీ అడిగితే ఇంకొకడికి, బోనస్ అడిగితే మరొకడికి. నాయకుడు తప్పించుకునేది ఈ సందులోంచే. బాకీ వసూలు చేసేటప్పుడు బాకీదారుడి కండువా రంగు చూడొద్దు.

అందుకే మన సంఘం గ్రామ కమిటీల ముందు మూడు పనులు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి ఊళ్లో హామీల చిట్టా పెట్టాలి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎంత, ఎప్పటికి ఇస్తామన్నారో రాయాలి. ఎదురుగా జమ రాయాలి. సగం ఇస్తే సగమే, పూర్తిగా ఇస్తే పూర్తిగా. అబద్ధం ఒక్క ముక్క రాయొద్దు, ఇచ్చినదాన్ని దాచొద్దు.

రెండు, ఏడాదికోసారి గ్రామసభలో ఆ చిట్టా చదవాలి. ఎంపీ, ఎమ్మెల్యే, అన్ని పార్టీల మండల నాయకులను పిలవాలి. వస్తే కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మర్యాదగా అడగాలి. రాకుంటే రాలేదని కూడా చిట్టాలో రాయాలి.

మూడు, మ్యానిఫెస్టోను ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరు చేసి, గెలిచిన పార్టీ ఏటా చట్టసభలో లెక్క చెప్పాలని చట్టం కోరాలి. ఏది చేశాం, ఏది చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. మనం అడిగేది ఇంతే.

మళ్లీ ఎన్నికలొస్తాయి. మళ్లీ బాండు పేపర్లు వస్తాయి, దేవుళ్ల మీద ఒట్లు వస్తాయి. ఆ రోజు దండ వేయడానికి ముందు చిట్టా తెరుద్దాం. బ్యాంకు సారు నన్ను అడిగిన మాటే అడుగుదాం. "సంతకం నీదే గద?"

పసుపుకు మద్దతు ధర ప్రకటించాలి! ముత్యంపేట ఫ్యాక్టరీ తెరవాలి!