పసివారికి వాతావరణ పాఠం



ఈ క్రింది విషయాన్ని తమ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, ముఖ్యంగా ఆంధ్రదేశం వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల దృష్టికి తేదలచితిని.

గత వర్షాకాలంలో మూడవ తరగతి చదువుతున్న నా మనుమరాలు బడి నుండి ఒక బొమ్మ వేసి తెచ్చినది. కరిగిపోవుచున్న మంచుగడ్డపై ఒక తెల్ల ఎలుగుబంటి. క్రింద భూమిని రక్షింపవలెనని ఇంగ్లీషులో నాలుగు మాటలు. మార్కులు బాగానే వచ్చినవి. ఆ రాత్రి పడుకోబోతూ, "తాతా, మనిల్లు కూడా మునిగిపోతాదా?" అని అడిగినది. నాకు నోట మాట రాలేదు. మరునాడు, "మన డాబా మీద పడిన వాన నీరు ఎక్కడికి పోతోందో చెప్పమ్మా" అంటే పిల్ల తెల్లబోయినది. ఉత్తర ధ్రువం సంగతి తెలిసిన పిల్లకు మా వీధి కాలువ సంగతి తెలియదు. భయం నేర్చుకున్నది గాని పని నేర్చుకోలేదు. ఇందులో పిల్ల తప్పు లేదు, ఆ బడి తప్పు మాత్రమే అనుటకు కూడా వీలు లేదు. ముప్పది యేండ్లు పాఠాలు చెప్పిన నేనూ ఇట్లే చెప్పితిని.

పర్యావరణ విద్యను బడులలో తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. పాఠం వచ్చినది, దానితో పాటు పరీక్ష వచ్చినది. పాఠానికీ పిల్లవాని గుమ్మానికీ సంబంధం మాత్రం రాలేదు.

మా గంజాం జిల్లాలో ఈ పాఠం చెప్పుటకు ఎలుగుబంటితో పని లేదు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయిరి. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానులో దాదాపు పది వేల ప్రాణాలు పోయినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాలపురం వద్దనే తీరం దాటినది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. బరంపురంలో చెట్లు వేళ్ళతో పెకలి పడినవి, ఎన్నో రోజులు కరెంటు లేదు. అయినను ఆ సారి ముందుగానే దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చినందున మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. గాలి తగ్గలేదు, మనుషులు కలసి ముందుగా సిద్ధపడినారు. పసివానికి చెప్పవలసిన మొదటి పాఠం ఇదే. తుపానును ఆపలేము, దాని చేతిలో చావకుండా ఉండుట మాత్రం మన చేతిలో వున్నది. మా జిల్లాలోని వెంకటరాయపురం అనే చిన్న పల్లె సునామీకి సిద్ధంగా వున్న గ్రామంగా 2020లో యునెస్కో వారి గుర్తింపు పొందినది. ఈ మాట మా పిల్లలలో ఎందరికి తెలుసును?

రెండవ పాఠం ఋషికుల్య ముఖద్వారం వద్ద వున్నది. చాలా యేండ్లలో లక్షల తాబేళ్ళు అక్కడి ఇసుకలో గుడ్లు పెట్టుటకు వచ్చును. పిల్ల తాబేళ్ళు రాత్రివేళ పైకి వచ్చి, వెలుగు కనిపించిన దిక్కుకు నడచును. సముద్రం వైపు వెలుగున్నదని వాటి నమ్మకం. ఊరి దీపాలు ఎక్కువైతే దారి తప్పి ఊరి వైపు వచ్చి చచ్చిపోవును. అక్కడి బెస్తవారు, వారి పిల్లలు, దారి తప్పిన వాటిని బకెట్లతో ఏరి నీటిలో వదలుచున్నారు. దీపం ఆర్పుట కూడా ఒక సేవ యని ఏడేండ్ల పిల్లకు ఇంతకంటె తేలికగా ఏ పుస్తకం చెప్పగలదు?

చిన్న పిల్లలకు ఈ బరువెందుకు, ఇది ప్రభుత్వాలు చేయవలసిన పని గదా యని కొందరు అందురు. నిజమే. బొగ్గు కాల్చి గాలిలో పొగ నింపినది పిల్లలు కాదు. ఆ లెక్క పెద్దలే తీర్చవలెను. పిల్లలచేత నినాదాలు పలికించి మనం ఇంట్లో చేతులు ముడుచుకొని కూర్చొనుట అన్యాయం. కాని ఆ భయం వారి చెవిని ఎట్లాగూ పడుచున్నది. భయపడిన పిల్లవాని చేతికి ఒక పని ఇచ్చుట బరువు కాదు, ఊరట.

పని పెద్దది కానక్కరలేదు. నూరు చదరపు మీటర్ల డాబాపై పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీరు. ఇది మూడవ తరగతి గుణకారమే. నిటారుగా వున్న గాజు గ్లాసొకటి ఆరుబయట పెట్టి, స్కేలుతో కొలిచి, నోటు పుస్తకంలో వ్రాయుమని నా మనుమరాలికి చెప్పితిని. నెల తిరుగకుండా వీధిలోని ఐదుగురు పిల్లలు చేరినారు. మా డాబా గొట్టాన్ని, మురికి కాలువ నుండి తప్పించి, పెరటి బావి ప్రక్కన త్రవ్విన ఇంకుడు గుంతలోకి మళ్ళించితిమి. "ప్రక్కింటోళ్ళ నీళ్ళు కూడా ఇటే తిప్పొచ్చు కదా తాతా?" అని ఇప్పుడు అడుగుచున్నది. ఈ ప్రశ్నకు జవాబు నేను ప్రక్కింటి వారిని అడిగి చెప్పవలసియున్నది. ఇంకా అడుగలేదని ఒప్పుకొనుచున్నాను.

ఇక భాష సంగతి. మన పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు, చదువవలసినదే. కాని ఇసుక దిబ్బను పట్టి వుంచే మొగలి పొద, గాలిని కాచే సరుగుడు తోపు, వేసవి చలివేంద్రం, ఇవి అవ్వ నోట వినవలసిన మాటలు. మాట పోతే ఆ వస్తువు మీద కన్ను కూడా పోవును. 2020 జాతీయ విద్యా విధానం, వీలైన చోట ఐదవ తరగతి వరకైనా ఇంటి భాషలో బోధించవలెనని చెప్పినది. బడి చేయువరకు ఇల్లు చేయవచ్చును గదా!

కావున ఉగాదికి నాటకాలు వేయించు మన తెలుగు సంఘాల వారు ఏడాదిలో ఒక సాయంత్రం తాతలనూ మనుమలనూ ఒక చోట కూర్చోబెట్టి, 1999 నాటి సంగతులు, 2013 నాటి సంగతులు చెప్పించవలెననియు, ఎండలు ముదిరినప్పుడు పిల్లల చేతనే ఒక చలివేంద్రం నడిపించవలెననియు, ప్రధానోపాధ్యాయులు వారానికి ఒక గంటయైనా పిల్లలను తరగతి గది దాటించి చెరువునూ కాలువనూ చూపవలెననియు ప్రార్థించుచున్నాను. యానాం, బళ్ళారి, హోసూరు, షోలాపురం మున్నగు చోట్ల పాఠకులు తమ ఊళ్ళలో ఏమి చేయుచున్నారో ఈ శీర్షికకు వ్రాసినచో మాకు మేలు చేసినవారగుదురు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బరంపురం (ఒడిశా)